చెల్లి కోసం ప్రార్థన

మోకాళ్ళు నొప్పి పెడితేగాని అఫీఫాకి ప్రార్థన మొదలైనట్టు ఉండదు. ఇప్పుడు మొదలైంది, ముందు ఎడమది, తర్వాత కుడిది, ఎప్పుడూ అదే వరస. బలిపీఠం మీద బంగారు కిరణాల పాత్రలో తెల్లటి అప్పం, అటూ ఇటూ కొవ్వొత్తులు, ప్రభువు అక్కడినుంచి తనను చూస్తున్నాడు, తను ఇక్కడినుంచి ఆయన్ని చూస్తోంది, మూడు రోజుల మౌన ధ్యానంలో మిగిలింది ఈ ఒక్క గంట ఆరాధన, దీని తర్వాత ముగింపు పూజ, పూజ తర్వాత నోళ్ళు విప్పుతారు, వ్యాను ఎక్కుతారు, కొండ దిగి బీరూట్ చేరి ఎవరింట్లో వాళ్ళు పడతారు, అంతవరకూ ఒక్క మాట మాట్లాడకూడదు, ఇది మఠం రూలు, తను పెట్టింది కాదు. అవును, తను పెట్టింది కాదు. గోడవార పాపసంకీర్తన పెట్టెలో పూజ చేసే గురువు, అబూనా దౌమిత్, కూర్చుని ఉన్నారు, జలుబు చేసిన ఆయన గొంతు చెక్క జాలీలోంచి గుసగుసగా వస్తోంది, నడవకి అటువైపు ఒక వరస వెనకాల నుహాద్ కూర్చుని ఉంది, సొంత చెల్లెలు, దగ్గుతోంది, ఆ పెట్టె వైపు చూస్తోంది, లేచి వెళ్ళడం లేదు. వెళ్ళదు. మధ్యాహ్నం పప్పు సూపు తాగి గిన్నెలు కడుక్కునే చోట ఆమె అక్క చేయి పట్టుకుని అడగకూడని వేళ అడిగింది.

"అక్కా, ఒక్క మాట, కోప్పడకు. నదీమ్ పోయాడు కదా. ఇప్పుడైనా నేను పాపసంకీర్తన చేసి ప్రసాదం తీసుకోవచ్చా? అబూనాని అడుగుదామంటే నోరు రావట్లేదు. ఆయన కాదంటే తట్టుకోలేను, నువ్వు కాదంటే ఎలాగోలా మింగుతాను. చదువుకున్నదానివి, నీకు తెలుసు. కుదరదంటే నువ్వేం మాట్లాడకు, నీ మౌనం నువ్వు పాటించుకో, నాకు అర్థమవుతుంది. కుదిరేదైతే మాత్రం ఊరికే ఒక్కసారి తల ఊపు."

అఫీఫా తల ఊపలేదు. కుళాయి కట్టేసింది, గిన్నె బోర్లించింది, చేతులు తుడుచుకుంది. నుహాద్ కాసేపు ఆమె ముఖంలోకి చూసి, "సరేలే అక్కా, బాధపడకు," అని భుజం తట్టి వెళ్ళిపోయింది. బాధపడకు అంది. ఎవరు ఎవరిని ఓదార్చాలి? అబద్ధమాడలేదు ప్రభూ, నీకు తెలుసు, నోరే తెరవలేదు, నోరు తెరవని మనిషి అబద్ధం ఎలా ఆడుతుంది, మఠంలో కాలుపెట్టిన మొదటి సాయంత్రం నీ సన్యాసినే గంట మోగించి చెప్పింది కదా, ఇకనుంచి సైగలు కూడా వద్దు, కళ్ళతో కూడా మాట్లాడుకోవద్దు అని, తల ఊపడం సైగ కాదా, సైగే. అయితే నిన్న భోజనాల దగ్గర ఉప్పు కావాలని పక్కన కూర్చున్న ఉమ్ తన్నూస్‌కి చేత్తో చూపించింది ఏమిటి? అది ఉప్పు. అది వేరు.

చదువు సంగతికొస్తే తెలుసు, బాగా తెలుసు, తమ గుడిలో గురువుల్ని మినహాయిస్తే అంత బాగా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. బిషప్పు గారి మేత్రాసనం వారు సాయంత్రాలు నడిపే వేదశాస్త్ర తరగతులకి అఫీఫా నాలుగేళ్ళు వెళ్ళింది, కరెంటు లేని రోజుల్లో మెట్లన్నీ ఎక్కి, ఫోను లైటు వెలుతురులో రాసుకుని, ముఖ్యంగా వివాహ చట్టం తరగతికి ఒక్కరోజు నాగా పెట్టలేదు, ఎందుకంటే చెల్లి సంగతి అందులోనే ఉంది. సైప్రస్ వెళ్ళి రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టొచ్చిన పెళ్ళి, వరుడు నదీమ్ ద్రూజు మతంవాడు, మన క్యాథలిక్ తిరుసభ లెక్కలో అది పెళ్ళి కాదు, అందులో కాపురం చేసినంత కాలం ప్రసాదం లేదు, ఆ తలుపు ఎంత గట్టిగా వేసి ఉందో తెలుసుకోవడానికే ఆమె ఆ అధ్యాయాన్ని అంత శ్రద్ధగా చదివింది. పాఠం చెప్పే ముసలి గురువు కమలాపండు ఒలుచుకుంటూ కూర్చునేవాడు, తొనలు మేజా అంచున పేర్చుకుంటూ, ఒకసారి ఎవరో అడిగారు, మరి ఆ రెండో మనిషి చనిపోతేనో అని, ఆయన తొన నోట్లో వేసుకుని, చనిపోతే ఇక అడ్డేముందమ్మా, ఒక్క పాపసంకీర్తన చాలు, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది, అన్నాడు, అందరూ నవ్వారు, కమలాపండు వాసన గదంతా నిండింది. అఫీఫా కూడా నవ్వింది. అప్పటికి నదీమ్ దుక్కలా ఉన్నాడు, కాబట్టి నవ్వడానికి ఇబ్బంది లేకపోయింది.

పెట్టె తలుపు కిర్రుమంది. ఒకావిడ బయటికి వచ్చింది కళ్ళు తుడుచుకుంటూ, ఇంకొకావిడ లోపలికి వెళ్ళింది, తర్వాత ఉమ్ తన్నూస్ ఉంది, ఆవిడకి సమయం పడుతుంది, ఆవిడ తన పాపాలు త్వరగా ముగించి కోడలి పాపాలు మొదలుపెడుతుంది, పాపం అబూనా. ఉమ్ తన్నూస్ పొట్ట పప్పుకి గుడగుడమంటోంది, ప్రార్థనా మందిరమంతా వినిపిస్తోంది, మౌనంలో పొట్టలకి రూలు లేదు. డీజిల్ పొయ్యి వాసన, తడి కోట్ల వాసన, మైనం వాసన. పొద్దున ప్రసంగంలో అబూనా దౌమిత్ ముక్కు చీదుకుంటూ ఒక మాట అన్నారు, రోజూ గుడికి వచ్చేవాళ్ళు గుమ్మంలో నిలబడే అలవాటు చేసుకుంటారు, తామే గుమ్మానికి అడ్డమన్న సంగతి వాళ్ళకి తట్టదు, కాస్త పక్కకి జరగండి అన్నారు. ఎంత బాగా చెప్పారు అనుకుంది అఫీఫా, ఉమ్ తన్నూస్‌కి కరెక్టుగా సరిపోయింది అనుకుంది, ఆవిడ వింటోందా లేదా అని తల తిప్పి చూసింది కూడా. ఆ తల తిప్పినప్పుడు వెనకాల నుహాద్ కనిపించింది, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నల్ల స్వెట్టరులో, బడిలో మొదటిరోజు కూర్చున్న పిల్లలాగా, నోరు కొంచెం తెరిచి వింటోంది. అలా నోరు తెరిచి వినడం చిన్నప్పటినుంచీ ఉంది.

చిన్నప్పుడు. కొండల్లో యుద్ధం వచ్చి ఊరు ఊరంతా రాత్రికి రాత్రి కట్టుబట్టలతో దిగిపోయినప్పుడు, బీరూట్‌లో ఒక బడి వరండాలో నెలల తరబడి పడుకున్నారు, అమ్మ, తను, నుహాద్, ఒకే దుప్పటి, గుండ్లు పడుతుంటే బల్లలు ఊగేవి, నుహాద్ ఏడ్చేది కాదు, నోరు తెరుచుకుని అలా పైకప్పు వైపు చూసేది, ఏడిస్తే బాగుండును అనిపించేది. అప్పుడు అఫీఫా రెండు అరచేతులతో చెల్లి చెవులు మూసేది, గట్టిగా, చేతులు తిమ్మిరెక్కేదాకా, మూసి జపమాల చెప్పేది పైకి, చెల్లికి వినపడదని తెలిసినా, వినపడాల్సింది చెల్లికి కాదు కదా. అదీ ప్రార్థనంటే. ఆ తర్వాత ఎన్ని ధ్యానాలు, ఎన్ని ఆరాధనలు, ఎన్ని పుస్తకాలు, ఆ వరండాలో చెప్పిన జపమాల లాంటిది ఇంకొకటి కుదరలేదు, ఎందుకు కుదరలేదో ఆమెకి తెలియదు, ఒక్కోసారి ఆ గుండ్లే కావాలనిపించింది, దేవుడు క్షమించాలి. నుహాద్ పొద్దున లేచి, "అక్కా, నీ చేతుల్లో సముద్రం ఉంది, రాత్రంతా వింటూనే ఉన్నాను," అనేది. చెవి మూస్తే ఎవరికైనా ఆ హోరు వినిపిస్తుంది. అది కూడా తెలియని పిల్ల, పెద్దయ్యాక వెళ్ళి వెళ్ళి తమ ఊరు ఖాళీ చేయించినవాళ్ళలోంచి ఒకణ్ణి ఎంచుకుంది.

ఎంచుకుంది, పడవెక్కింది, పెళ్ళి చేసుకుని సైప్రస్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది, గులాబీ రంగు తునకలు, పైన చక్కెర పొడి. అమ్మ ముఖం గోడకి తిప్పుకుంది. డబ్బా బల్లమీదే ఉండిపోయింది, ఆ వారమంతా అఫీఫా ఎవరూ చూడనప్పుడు ఒక్కొక్క తునకా తినేసింది, మొత్తం, అడుగున మిగిలిన పొడి వేలితో అద్దుకుని మరీ, తర్వాత తిండిపోతుతనం అని పాపసంకీర్తనలో చెప్పుకుంది, ఎవరి మిఠాయో చెప్పలేదు. ఆ ఆదివారమే ప్రార్థన మొదలైంది. నా చెల్లి కోసం ప్రార్థించండి అని మరియమ్మ సంఘంలో అడిగింది, గొంతు దానంతటదే వణికింది, ఆడవాళ్ళు చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు, అంతకుముందు ఎవరూ ఆమె చేతులు పట్టుకోలేదు, పెళ్ళి కాలేదు, బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఎవరు పట్టుకుంటారు? తర్వాత ఈస్టరుకి ముందు వచ్చే ప్రతి తపస్సుకాలంలో, ప్రతి ధ్యానంలో, సాయంత్రం అనుభవాలు పంచుకునే వేళ, అఫీఫా చెప్పమ్మా అనేవాళ్ళు, ఆమె లేచేది, తప్పిపోయిన చెల్లి కోసం ఇన్నేళ్ళుగా నేను అంటూ మొదలుపెట్టేది, వెనక బెంచీల్లో ముక్కులు చీదిన చప్పుడు వినిపించేది, ఎక్కడ ఆగాలో ఎక్కడ కళ్ళు దించాలో క్రమంగా తెలిసింది. వేరే గుళ్ళ నుంచి కూడా వచ్చి అడిగేవాళ్ళు, మా అబ్బాయి కోసం, మా ఆయన కోసం, నీ కన్నీళ్ళు దేవుడు వింటాడమ్మా అని. ఆ కన్నీళ్ళ మీదే సంఘానికి పెద్దయింది, తరగతుల్లో చేరింది, మొదటి బెంచీ వచ్చింది. నిజంగానే ఏడ్చింది ప్రభూ, అది నటన కాదు, అదే కదా బాధ.

నదీమ్ మంచివాడు. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకి ఒంటి చేత్తో బండ ఎత్తినట్టు ఉంటుంది, అయినా మంచివాడే. క్రిస్మస్ రాత్రి పూజకి భార్యని తనే కారులో తెచ్చి దించి, చలిలో గుడి బయట సిగరెట్టు కాలుస్తూ నిలబడేవాడు, నుహాద్ లోపల చిట్టచివర నిలబడి, అందరూ ప్రసాదానికి లేచినప్పుడు తలుపు చాటుకి జరిగేది. లిఫ్టు ఆడని రోజున అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే అతనే వచ్చి ఆరో అంతస్తునుంచి చేతుల మీద మోసుకుని దింపాడు, చెమటలు కక్కుతూ, మెట్టుమెట్టుకీ, "అత్తా, ఇంక కొంచెమే," అంటూ. అమ్మ అతని మెడ చుట్టూ చేతులేసి కళ్ళు మూసుకుంది. కిందికి దిగాక అఫీఫా అతనికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, కష్టపెట్టాం అంది, సామాన్లు మోసినవాడికి చెప్పినట్టు. అతను నవ్వి గ్లాసు కడిగి మరీ తిరిగిచ్చాడు. ఆ రాత్రి కూడా ఆమె ప్రార్థించింది, చెల్లిని ఆ బంధంలోంచి విడిపించు ప్రభూ అని, ఎప్పుడూ చెప్పే మాటే, నోటికి అలవాటైపోయిన మాట. విడిపించాడు. ఆలస్యంగానైనా విన్నాడు, గుండె ఆగి స్టీరింగు మీదే వాలిపోయాడు నదీమ్, పోయిన శరత్కాలంలో, బేకరీ ముందు, పక్క సీట్లో వేడి రొట్టెలతో.

పరామర్శ హాల్లో ద్రూజు ఆడవాళ్ళంతా తెల్ల ముసుగులు వేసుకుని వరసగా కూర్చున్నారు, తను ఒక్కతే మెళ్ళో సిలువతో, నుహాద్ పరుగున వచ్చి మీద పడింది, అక్కా అక్కా అని, ఆ తడి ముఖం తన మెడకి తగిలింది. అప్పుడు అఫీఫాకి కలిగింది జాలి కాదు. భయం. ఇక వస్తుంది అనుకుంది. అడ్డం పోయింది, ఒక్క పాపసంకీర్తన చాలు, కాఫీ చల్లారేలోపు. వచ్చి నా పక్కన నిలబడుతుంది, నాలుక చాపుతుంది, నాకిచ్చే ప్రభువునే దానికీ ఇస్తారు, ఒక్క ముక్క తక్కువ కాకుండా. ఇన్నేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నది నేను, ఇన్నేళ్ళు మొగుడి పక్కన వెచ్చగా పడుకున్నది అది, ఇద్దరికీ ఒకటే అప్పం. అందరూ దాన్ని కావిలించుకుంటారు, ఉమ్ తన్నూస్ ఏడుస్తుంది, ఒక వారం నన్ను కూడా పొగుడుతారు, నీ ప్రార్థన ఫలించింది అఫీఫా అంటారు, ఆ తర్వాత? ఆ తర్వాత లేచి నేనేం చెప్పాలి? ఫలించిన ప్రార్థన కోసం ఎవరు చేతులు పట్టుకుంటారు? రాత్రిళ్ళు ఏ పేరు పెట్టుకుని ఏడవాలి? ఛీ. ఇది నా ఆలోచన కాదు, సైతాను పెట్టింది, ఆరాధనలోనే వాడు ఎక్కువ తిరుగుతాడని పుస్తకంలో ఉంది. అసలు పశ్చాత్తాపం తొందరపడి కోస్తే పుల్లగా ఉంటుంది, చెట్టు మీదే పండాలి, ఇంకో ఏడాది, ఇంకో తపస్సుకాలం, అది చెల్లి మంచికే. ఆలోచిస్తే ఇది నేను దానికి చేస్తున్న మేలే. అవును, ఇది మేలు, ఇలా చెప్పుకుంటే మోకాళ్ళ నొప్పి కూడా కొంచెం తగ్గినట్టుంది.

ఉమ్ తన్నూస్ బయటికొచ్చింది. ఇంత త్వరగానా? కోడలి మీద కోపం తగ్గిందా? పెట్టెలో నిశ్శబ్దం. ఎవరూ లేవడం లేదు, అందరిదీ అయిపోయింది, తనది మొదటిరోజే అయిపోయింది, చెప్పుకుంది కూడా, ఓర్పు తక్కువ అని, ఆడవాళ్ళ మీద విసుగు అని, ఉపవాసంలో కాఫీ మీద ఆశ అని, శుభ్రంగా, పేర్చిన బట్టల్లాగా. నుహాద్ దగ్గింది. కిటికీ అద్దం మీద వాన, లోయలో మంచు దిగుతోంది, ఈ మఠానికి తను చెల్లిని తీసుకురాలేదు, అదే తనంతట తాను పేరు రాయించుకుంది, వ్యాను దగ్గర చిన్న సంచితో నిలబడి, "నువ్వు ప్రతి ఏడూ వెళ్తావు కదా, ఏముందో చూద్దామని," అంది, నవ్వుతూ. మొదటి రాత్రి పక్క మంచమ్మీద అది పైకప్పు చూస్తూ పడుకుంది. ఒక్క తల ఊపు. ఇప్పుడైనా. మెడ తిప్పి, కళ్ళు కలిపి, గడ్డం ఒక్క వేలెడు దించితే చాలు, అది లేచి ఆ నాలుగు అంగలూ వేస్తుంది, అబూనా ముక్కు చీదుకుని చెయ్యెత్తి దీవిస్తారు, ఒక మనిషి బతుకు తిరిగి వస్తుంది. ఊపుతాను. ఈ పరలోక జపం పూర్తి కాగానే ఊపుతాను. పూర్తయింది. మరియమ్మకి కూడా ఒకటి చెప్పి ఊపుతాను.

పెట్టె తలుపు మళ్ళీ కిర్రుమంది, ఈసారి బయటికి వచ్చింది అబూనా దౌమిత్. పొట్టి మనిషి, మెళ్ళో ఊదారంగు పట్టీ ఒక పక్కకి జారి ఉంది, చేతిలో రుమాలు. వెంటనే వెళ్ళిపోలేదు. బెంచీల వరసంతా చూశారు, చూసి చూసి నుహాద్ దగ్గర ఆగారు, ఆయనకి ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పకపోయినా ఇన్నేళ్ళ అలవాటు మీద తెలిసిందో, తలుపు మూయకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఇంకా ఉన్నారా ఎవరైనా అన్నట్టు. అఫీఫాకి అదంతా కంటి కొసన కనిపించింది. నుహాద్ ముఖం అబూనా వైపు లేచింది, చేయి బెంచీ అంచు పట్టుకుంది, సగం లేచింది కూడా, లేచి, ఆగి, అక్క వైపు చూసింది. పెద్దదాన్ని అడిగి చేద్దామన్న చిన్నపిల్ల చూపు. ఆ చూపు చెంప మీద తగులుతూనే ఉంది, పొయ్యి వేడి తగిలినట్టు, తల తిప్పాల్సిన పని కూడా లేదు, ఊపితే చాలు.

అఫీఫా కళ్ళు మూసుకుంది. చేతులు జోడించింది. ప్రార్థించింది, ఈ మూడు రోజుల్లో ఎప్పుడూ కుదరనంత బాగా కుదిరింది ప్రార్థన, మాటలు వాటంతటవే వచ్చాయి, వెచ్చగా కన్నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి, ప్రభూ నా చెల్లిని నీ దగ్గరికి తెచ్చుకో, ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, ఈ ఒక్కదాన్ని నాకివ్వు, అది అమాయకురాలు, దానికి దారి చూపించు, చూపించు ప్రభూ. బెంచీ చెక్క చిన్నగా చప్పుడైంది, లేచిన మనిషి మళ్ళీ కూర్చున్నప్పుడు వచ్చే చప్పుడు. పెట్టె తలుపు మూసుకుంది. అబూనా చెప్పుల చప్పుడు పూజ వస్త్రాల గది వైపు వెళ్ళింది. గంట మోగింది. ఆమె కళ్ళు తెరిచేసరికి ఆరాధన ముగిసింది.

పూజకి నుహాద్ నడవ దాటి వచ్చి అక్క పక్కనే కూర్చుంది. ఎందుకు వచ్చిందో అఫీఫాకి శాంతి పంచే వేళ తెలిసింది. అబూనా బలిపీఠాన్ని తాకి శాంతిని అరచేతుల్లోకి తీసుకున్నారు, మెట్ల దగ్గర సన్యాసిని జోడించిన చేతుల మధ్య పెట్టారు, ఆమె దిగి వచ్చి మొదటి బెంచీలో అఫీఫాకి ఇచ్చింది, ఇది బలిపీఠం దగ్గర బయలుదేరి చేతులు మారుతూ తలుపు దాకా వెళ్ళాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. నుహాద్ అప్పటికే చేతులు చాచి ఉంది. ఇదైనా నీ చేతినుంచి అన్నట్టు. అఫీఫా ఇచ్చింది. నుహాద్ అందుకుని, ఊరుకోకుండా, అక్క చేతుల్ని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుని, ఆ తర్వాత వెనక వరసకి తిరిగి ఉమ్ తన్నూస్‌కి ఇచ్చింది. ప్రసాదం వేళ అందరూ లేచారు. నుహాద్ లేవలేదు. అక్క వెళ్ళడానికి దారి ఇస్తూ మోకాళ్ళు పక్కకి తిప్పుకుంది, కోటు అంచు అడ్డం రాకుండా చేత్తో పట్టుకుని, పైకి చూసి నవ్వింది. అఫీఫా ఆ మోకాళ్ళని రాసుకుంటూ దాటి వెళ్ళింది. అబూనా అప్పాన్ని ద్రాక్షారసంలో ముంచి నాలుక మీద పెట్టారు. ఆమెన్ అంది. రుచి ఎప్పటిలాగే ఉంది, అది ఆమెకి ఆశ్చర్యంగా అనిపించింది.

మౌనం విప్పగానే ఆడవాళ్ళంతా ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు, మూడు రోజుల బాకీ తీరేలా. వ్యాను కొండ దిగుతోంది, మలుపు మలుపుకీ సంచులు జారుతున్నాయి, ఎవరో వేయించిన సెనగలు పంచుతున్నారు. నుహాద్ అక్క భుజం మీద తల పెట్టింది.

"నా కోసం ప్రార్థన మానకు అక్కా," అంది, కళ్ళు మూసుకుని. "నీకు విసుగొస్తుందేమోనని భయం నాకు."

"మానను."

"ఎన్నాళ్ళైనా?"

"పడుకో."

పడుకుంది, నోరు కొంచెం తెరిచి. ఆ బరువు భుజానికి పాతదే, చక్కగా అమిరింది. వెనక సీట్లోంచి ఉమ్ తన్నూస్ ముందుకు వంగింది, ఒళ్ళో సెనగల పొట్లంతో.

"ఏమే అఫీఫా, నీ చెల్లెలు ప్రసాదానికి లేవలేదేం?"

"దానికి ఇంకా సమయం ఉంది. మీరూ ప్రార్థించండి."

"ఇంకేం సమయమే? మొగుడు పోయాడుగా. మా పిన్ని కూతురిది అచ్చం ఇదే కథ, వాడూ మనవాడు కాదు. వాడు పోయిన నలభయ్యో రోజున వెళ్ళి అబూనాకి చెప్పుకుంది, అంతే, ఆ పూటే ఇచ్చేశారు. ఒక్క ముక్క అడగాలి గానీ, ఇందులో ఏముంది? నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదా? లేపు దాన్ని, నేను చెప్తాను."

నుహాద్ నిద్రలో కదిలింది. ఒక చెవి అక్క భుజానికి ఆనుకుని ఉంది, రెండోది పైకి ఉంది.

"నెమ్మదిగా మాట్లాడండి, మూడు రాత్రులుగా నిద్ర లేదు దానికి," అంది అఫీఫా. అని, అరచేత్తో ఆ చెవి మూసింది. ఉమ్ తన్నూస్ నెమ్మదిగా మాట్లాడే రకం కాదు, పిన్ని కూతురి కథ మొదటినుంచీ అందుకుంది. అఫీఫా పెదవులు కదుపుతూ జపమాల మొదలుపెట్టి చేతిని ఇంకొంచెం గట్టిగా నొక్కింది, నుహాద్ నిద్రలోనే చిన్నగా నవ్వి, ఆ చేతి కిందికి ఇంకా ఒదిగింది.